ఇంటర్న్‌గా మొబైల్ యాప్ యూజర్ ఫ్లో డిజైన్ చేయడం: బ్రీఫ్ నుంచి బిల్డ్ దాకా

డిజైన్ ఇంటర్న్‌గా చేరినవాళ్ళకి మొదట్లో వచ్చే పనుల్లో ఇదొకటి: "ఈ ఫీచర్‌కి యూజర్ ఫ్లో గీసి చూపించు." వినడానికి చిన్న పనే. చాలామంది వెంటనే ఫిగ్మా (స్క్రీన్లు గీసే డిజైన్ టూల్) తెరిచి స్ప్లాష్ స్క్రీన్, దాని పక్కన లాగిన్, దాని పక్కన హోమ్ అంటూ డబ్బాలు పేర్చి, మధ్యలో బాణాలు వేసేస్తారు. సాయంత్రానికి బొమ్మ సిద్ధం. మర్నాడు రివ్యూలో డెవలపర్ "మధ్యలో నెట్ పోతే ఏం చూపిస్తాం?" అని అడుగుతారు. ఆ బొమ్మలో దానికి జవాబుండదు.

యూజర్ ఫ్లో అంటే ఒక మనిషి ఒక పని పూర్తి చేసుకోవడానికి యాప్‌లో నడిచే దారి. ఎక్కడ మొదలుపెడతారు, ఎక్కడెక్కడ ఏం నిర్ణయించుకుంటారు, దానికి యాప్ ఏం బదులిస్తుంది, ఎక్కడ ముగుస్తుంది అన్నవి అందులో కనిపించాలి. యాప్‌లో ఉన్న స్క్రీన్లన్నీ ఒకదాని కింద ఒకటి చూపించేది సైట్‌మ్యాప్. యాప్ తెరవకముందు నుంచి పని అయిపోయాక దాకా మనిషి అనుభవాన్ని చెప్పేది జర్నీ మ్యాప్. ఫ్లో ఈ రెండూ కాదు. టీమ్‌లో ఒకరు ఒకటి అడిగి మరొకరు ఇంకోటి గీసుకురావడం మామూలే కాబట్టి, మొదటి రోజే మెంటార్‌ని "మీకు కావాల్సింది ఏది?" అని అడిగి ఖాయం చేసుకోండి. వీలైతే టీమ్ ఇదివరకు గీసిన ఫ్లో ఒకటి చూపించమనండి.

ఇంటర్న్ గీసిన ఫ్లోని నేను ఒకటే కొలతతో చూస్తాను: అప్పటిదాకా టీమ్‌లో ఎవరూ అడగని ప్రశ్నలు అది ఎన్ని బయటపెట్టింది? కింద చెప్పే పద్ధతంతా ఆ కొలత చుట్టూనే తిరుగుతుంది. ఉదాహరణకి ఒక గ్రంథాలయం యాప్ అనుకుందాం. ఫీచర్: సభ్యులు ఫోన్‌లోంచే పుస్తకం రిజర్వ్ చేసుకోవడం.

1. బ్రీఫ్‌లో లేనివి రాబట్టండి

చేతికొచ్చే బ్రీఫ్ (చేయాల్సిన పని వివరణ) తరచూ ఒక్క వాక్యమే ఉంటుంది: "సభ్యులు యాప్‌లోనే పుస్తకం రిజర్వ్ చేసుకోగలగాలి." చదవగానే స్క్రీన్లు కళ్ళ ముందు కదులుతాయి. కాసేపు వాటిని పక్కన పెట్టి, ఆ వాక్యం చెప్పనివన్నీ రాయండి.

- ఒకరు ఒకేసారి ఎన్ని పుస్తకాలు రిజర్వ్ చేయొచ్చు? ఆ పరిమితి దాటబోతే యాప్ ఏమంటుంది?
- కాపీ అరలో ఉన్నప్పుడు దాన్ని మన కోసం పక్కన పెట్టించుకోవడం, కాపీలన్నీ బయట ఉన్నప్పుడు క్యూలో పేరు రాయించుకోవడం ఒకే పనా, రెండు వేర్వేరు పనులా?
- పుస్తకం సిద్ధమయ్యాక ఎన్నాళ్ళు ఆపుతారు? ఆలోగా రాకపోతే తర్వాతివారికి వెళ్తుందా?
- పాత పుస్తకం గడువు దాటినా తిరిగివ్వనివాళ్ళు కొత్తది రిజర్వ్ చేయొచ్చా?
- రద్దు ఎప్పటిదాకా కుదురుతుంది?
- సభ్యత్వం లేనివాళ్ళు యాప్‌లో ఏమేం చూడొచ్చు?

ఇవి డిజైన్ ప్రశ్నలు కావనిపించొచ్చు. కానీ ప్రతి జవాబూ ఫ్లోలో ఒక కొమ్మ అవుతుంది. పరిమితి ఉందంటే ఒక మెసేజ్, ఆ మెసేజ్ నుంచి "నా రిజర్వేషన్లు" పేజీకి ఒక దారి, అక్కడ పాతదాన్ని రద్దు చేసే వీలు, రద్దు చేశాక మళ్ళీ ఈ పుస్తకం దగ్గరికే తిరిగొచ్చే దారి కావాలి. ఒక్క అంకె వెనక ఇంత పని ఉంటుంది.

జవాబులు ఎవరి దగ్గరుంటాయి? ప్రొడక్ట్ మేనేజర్ దగ్గర కొన్ని, బ్యాకెండ్ (సర్వర్ వైపు పని చూసే) డెవలపర్ దగ్గర కొన్ని. ఇంటర్న్‌లు ఎక్కువగా మరిచిపోయే మనిషి ఇంకొకరున్నారు: ఇప్పటిదాకా ఈ పనిని చేతితో చేస్తున్న ఉద్యోగి. కౌంటర్ దగ్గర కూర్చునేవారికి పుస్తకం అరలో ఉన్నట్టు సిస్టమ్ చెబుతున్నా అక్కడ లేకపోతే ఏం చేయాలో తెలుసు. ఆ సంగతి స్పెక్‌లో (ఫీచర్ వివరాలు రాసిన పత్రంలో) ఉండదు. అరగంట మాట్లాడే అవకాశం దొరికితే వదులుకోకండి. కస్టమర్ సపోర్ట్ టీమ్ ఉంటే వాళ్ళ దగ్గరా ఇలాంటి సరుకు చాలా ఉంటుంది.

ప్రశ్నలు అడగడానికీ ఒక పద్ధతి ఉంది. చాట్‌లో గంటకొకటి చొప్పున అడిగితే ఎవరికైనా విసుగొస్తుంది. అన్నీ ఒక పేజీలో పెట్టి, ప్రతి ప్రశ్న పక్కన మీ ఊహ రాయండి: "పరిమితి ఉందనుకుంటున్నాను. దాటితే రిజర్వ్ బటన్ తీసేయకుండా, నొక్కినప్పుడు కారణం చెబుతాం. సరేనా?" ఖాళీ ప్రశ్నకి జవాబు రావడం ఆలస్యం అవుతుంది గానీ, తప్పు ఊహని సరిదిద్దడానికి మాత్రం జనం వెంటనే ముందుకొస్తారు. జవాబు రాకపోయినా మీ పని ఆగదు, ఆ ఊహతోనే ముందుకెళ్ళి ఫ్లోలో "ఇది ఊహ" అని గుర్తు పెట్టండి.

2. ఉన్న యాప్‌ని మీ చేత్తో నడిపి చూడండి

కొత్త ఫీచర్ గాల్లో పుట్టదు, ఉన్న యాప్‌లోనే ఎక్కడో అతుక్కోవాలి. వీలైతే ఆండ్రాయిడ్‌లో ఒకసారి, ఐఫోన్‌లో ఒకసారి యాప్ పెట్టుకుని, మీ ఫీచర్ చుట్టుపక్కల ఉన్న ప్రతి స్క్రీన్‌కీ స్క్రీన్‌షాట్ తీసి వరసగా పేర్చండి. ఇప్పటికే ఉన్న కన్ఫర్మేషన్ ఎలా కనిపిస్తోంది, ఎర్రర్‌ని కింద పట్టీలో చూపిస్తున్నారా, మధ్యలో డైలాగ్‌లోనా, వెనక్కి వెళ్తే ఎక్కడ తేలుతున్నాం అన్నవి గమనించండి. యాప్ స్టోర్, ప్లే స్టోర్‌లలో తక్కువ రేటింగ్ ఇచ్చినవాళ్ళ రివ్యూలు చదవండి. ఇదంతా ఒక పూటలో అయ్యే పని, ఇంతకంటే సాగదీయొద్దు.

3. గీతల కంటే ముందు మాటలు

ముందుగా ఒక వాక్యం రాయండి: ఎవరు, ఏ పరిస్థితిలో, ఏం సాధించాలని వచ్చారు. "లాగిన్ అయి ఉన్న సభ్యురాలు, స్నేహితురాలు చెప్పిన పుస్తకం కోసం వెతికి, కాపీలన్నీ బయట ఉన్నాయని తెలిసి, క్యూలో పేరు రాయించుకోవాలనుకుంటున్నారు." ఈ వాక్యంలో "పరిస్థితి" అన్న ముక్కే కీలకం. లాగిన్ కానివాళ్ళ ఫ్లో వేరు, ఇప్పటికే క్యూలో ఉండి తన వరస ఎంతదాకా వచ్చిందో చూసుకోవడానికి వచ్చినవాళ్ళ ఫ్లో వేరు. అన్నిటినీ ఒకే బొమ్మలో కుక్కితే గోడంత చార్ట్ తయారవుతుంది, దాన్ని ఎవరూ చదవరు. ఒక లక్ష్యానికి ఒక ఫ్లో చాలు.

తర్వాత ఫ్లో మొత్తం మాటల్లో రాయండి. దీనికి నాకు బాగా నచ్చిన పద్ధతి, 37సిగ్నల్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలో డిజైనర్‌గా ఉన్న ర్యాన్ సింగర్ 2009లో పరిచయం చేసింది. ఒక అడ్డగీత గీస్తారు. గీత పైన యూజర్‌కి కనిపించేది, గీత కింద యూజర్ చేసేది రాస్తారు. చేసిన దాని నుంచి బాణం వేసి, తర్వాత కనిపించేది పక్కన పెడతారు. అంతే. మన ఉదాహరణలో ఇలా వస్తుంది:

కనిపించేది: పుస్తకం వివరాలు, కాపీలన్నీ బయట ఉన్నాయన్న మాట, క్యూలో ఎంతమంది ఉన్నారో
చేసేది: "క్యూలో చేరండి" నొక్కడం

కనిపించేది: ఏ శాఖలో తీసుకుంటారన్న ఎంపిక, కబురు ఎలా పంపాలన్న ఎంపిక
చేసేది: ఎంచుకుని ఖాయం చేయడం

కనిపించేది: క్యూలో మీ స్థానం, తర్వాత ఏం జరుగుతుందో ఒక వాక్యం, రద్దు చేసే దారి
చేసేది: వెతుకులాటకి తిరిగి వెళ్ళడం, లేదా యాప్ మూసేయడం

ఇలా రాసినప్పుడు రంగులు, ఐకాన్ల మీదకి మనసు పోదు. రెండో మెట్టులో రెండు ఎంపికలు అవసరమా, సభ్యురాలు ఎప్పుడూ వెళ్ళే శాఖ సిస్టమ్‌కి తెలుసు కదా, అదే ముందుగా పెట్టేస్తే సరిపోదా అన్న సందేహం ఇక్కడే వస్తుంది. ఈ దశలో ఒక మెట్టు తీసేయాలంటే ఒక వరస చెరిపేస్తే చాలు. హై ఫిడెలిటీ (రంగులతో సహా పూర్తి రూపంలో ఉన్న) స్క్రీన్లు గీశాక అదే మెట్టు తీసేయమంటే ప్రాణం ఒప్పుకోదు.

4. తలుపులన్నీ లెక్కపెట్టండి

కొత్తవాళ్ళ ఫ్లోలన్నీ హోమ్ స్క్రీన్ దగ్గరే మొదలవుతాయి. నిజంగా జనం వచ్చే దారులు చాలా ఉంటాయి: యాప్‌లో సెర్చ్, స్నేహితులు పంపిన లింక్, పుష్ నోటిఫికేషన్, ఈమెయిల్, గోడ మీద అంటించిన క్యూఆర్ కోడ్. ప్రతి తలుపు దగ్గరా మూడు ప్రశ్నలు వేసుకోండి. యాప్ ఫోన్‌లో లేకపోతే? ఉన్నా లాగిన్ కాకపోతే? లాగిన్ అయ్యాక ఎక్కడికి తీసుకెళ్తాం?

మూడో ప్రశ్న దగ్గర చాలా యాప్‌లు తడబడతాయి. లింక్ నొక్కి పుస్తకం కోసం వచ్చిన మనిషిని లాగిన్ చేయించి, ఆపైన హోమ్‌లో వదిలేస్తాయి. వచ్చిన పని ఏమిటో యాప్ మరిచిపోయింది, ఇక పుస్తకాన్ని మళ్ళీ వెతుక్కోవాలి. ఫ్లోలో లాగిన్ డబ్బా నుంచి బాణం "అడిగిన పుస్తకం పేజీ"కి తిరిగి వెళ్ళేలా స్పష్టంగా గీయండి. గీయకపోతే డెవలపర్ హోమ్‌కే పంపుతారు, అందులో వాళ్ళ తప్పేమీ లేదు.

నోటిఫికేషన్ తలుపులో ఇంకో మెలిక ఉంది. "మీ పుస్తకం సిద్ధంగా ఉంది" అన్న కబురు చూసి నాలుగు రోజుల తర్వాత నొక్కితే? అప్పటికి గడువు దాటి పుస్తకం వేరేవారికి వెళ్ళిపోయి ఉండొచ్చు. ఆ పాత కబురు ఏ స్క్రీన్‌కి తీసుకెళ్ళాలో కూడా మీ ఫ్లోలో ఉండాలి.

5. ఇప్పుడు గీయండి

మొదటి డ్రాఫ్ట్ కాగితం మీద గీయమనే నా సలహా. తర్వాత ఫిగ్మా, ఫిగ్‌జామ్, మిరో, డ్రా.ఐఓ, టీమ్ ఏది వాడితే అది. పరికరం వల్ల ఫ్లో నాణ్యత మారదు.

గుర్తులు కొత్తగా కనిపెట్టకండి. ఫ్లోచార్ట్ గుర్తులకి ఐఎస్ఓ 5807 అని 1985 నాటి ప్రమాణం ఉంది. అందులో చాలా గుర్తులున్నా మనకి నాలుగు చాలు: మొదలుకీ ముగింపుకీ గుండ్రటి అంచుల డబ్బా, స్క్రీన్‌కి దీర్ఘచతురస్రం, నిర్ణయానికి డైమండ్, దిశకి బాణం. కొన్ని అలవాట్లు మాత్రం మొదటి నుంచీ పాటించండి.

డైమండ్‌లో ఎప్పుడూ ప్రశ్న రాయండి. "స్టాక్ చెక్" అని రాస్తే ఎన్ని జవాబులుంటాయో తెలియదు. "కాపీ అరలో ఉందా?" అని రాస్తే బాణాల మీద ఏం రాయాలో దానంతటదే తేలిపోతుంది. యూజర్ తీసుకునే నిర్ణయాన్నీ సిస్టమ్ తీసుకునే నిర్ణయాన్నీ వేర్వేరు రంగుల్లో పెట్టండి. మొదటిదాని దగ్గర యూజర్‌కి సమాచారం చూపించాలి, రెండోదాని దగ్గర సర్వర్ నుంచి జవాబు తెప్పించుకోవాలి, అంటే అక్కడ వేచి ఉండే సమయం ఉంటుంది. ఈ తేడా కనిపించని ఫ్లో డెవలపర్‌కి సగమే ఉపయోగపడుతుంది.

అంతా సవ్యంగా జరిగే దారిని ఎడమ నుంచి కుడికి తిన్నగా ఒకే వరసలో ఉంచి, కొమ్మల్ని కిందికి దించండి. ఎవరైనా ముప్పై సెకన్లు చూసి అసలు కథ చెప్పగలగాలి. ప్రతి స్క్రీన్‌కీ ఒక నంబర్ ఇవ్వండి, ఆర్-1, ఆర్-2 ఇలా. మీటింగ్‌లో "ఆ మూడో దాని పక్కది" అని వేలు పెట్టి చూపించే బాధ తప్పుతుంది. మధ్యలో స్క్రీన్ చేరితే ఆర్-2ఏ అనండి, పాత నంబర్లు మార్చకండి.

6. కొమ్మలు: అసలు పని ఇక్కడే

సవ్యమైన దారి గీయడం ఎవరికైనా వస్తుంది. ప్రతి స్క్రీన్ దగ్గరా ఆగి "ఇక్కడ ఏం చెడిపోవచ్చు?" అని అడగడం మొదలుపెడితే ఫ్లో మూడింతలవుతుంది, అలా కావాలి కూడా. మొబైల్‌లో ఎక్కువగా తగిలేవి ఇవి.

నెట్‌వర్క్. కనెక్షన్ లేదు, ఉంది అని రెండే గీతలు గీస్తారు చాలామంది. మూడోది మరీ చిక్కు: రిక్వెస్ట్ వెళ్ళింది, జవాబు రాలేదు. మన సభ్యురాలు "ఖాయం చేయండి" నొక్కారు, అదే క్షణంలో లిఫ్ట్ ఎక్కారు. సర్వర్‌లో పేరు నమోదైందో లేదో ఫోన్‌కి తెలియదు. "విఫలమైంది, మళ్ళీ ప్రయత్నించండి" అని చెబితే అబద్ధం కావొచ్చు, రెండోసారి నొక్కితే రెండు రిజర్వేషన్లు పడొచ్చు. కాబట్టి ఖాయం చేసే ప్రతి డైమండ్ నుంచీ మూడు బాణాలు తీయండి: అయింది, కాలేదు, తెలియదు. "తెలియదు" కొమ్మలో ఏం చేయాలో డెవలపర్‌తో కూర్చుని తేల్చుకోవాలి. అదే రిక్వెస్ట్ రెండుసార్లు వచ్చినా ఒక్కసారే నమోదయ్యేలా సర్వర్ చూసుకోగలిగితే, "మళ్ళీ ప్రయత్నించండి" బటన్ నిశ్చింతగా పెట్టొచ్చు. లేకపోతే ముందు "నా రిజర్వేషన్లు" తాజాగా తెప్పించి చూపించాలి. డబ్బు చెల్లించే ఫ్లో అయితే ఈ కొమ్మ లేకుండా రివ్యూకి వెళ్ళొద్దు.

వేచి ఉండే సమయం. యూజబిలిటీ (వాడకంలో సౌలభ్యం) నిపుణుడు జాకబ్ నీల్సన్ 1993లో చెప్పిన హద్దులు ఇప్పటికీ పనికొస్తాయి. 0.1 సెకనులోపు స్పందిస్తే వెంటనే జరిగినట్టు అనిపిస్తుంది. 1 సెకను దాకా ఆలోచన తెగదు. 10 సెకన్లు దాటితే ధ్యాస వేరే పని మీదకి పోతుంది. సిస్టమ్ రంగు వేసిన ప్రతి డైమండ్ దగ్గరా ఏ తరగతి ఆలస్యమో రాయండి, లోడింగ్ స్టేట్ ఎక్కడ గీయాలో దాన్నిబట్టి తెలుస్తుంది.

చూసినప్పటికీ నొక్కినప్పటికీ మధ్య. పేజీ తెరిచినప్పుడు ఒక కాపీ ఉంది. చదివి, ఆలోచించి నొక్కేలోపు ఇంకొకరు తీసుకున్నారు. అప్పుడు ఎర్రర్ చూపించి చేతులు దులుపుకోకుండా, "ఇప్పుడే ఇంకొకరు తీసుకున్నారు, క్యూలో చేరతారా?" అని అడిగితే దారి మూసుకుపోదు.

పర్మిషన్లు. ఇక్కడ రెండు ప్లాట్‌ఫామ్‌ల నియమాలు తెలియకుండా గీయడం నేల విడిచి సాము. ఐఫోన్‌లో నోటిఫికేషన్ల అనుమతి డైలాగ్‌ని వద్దన్నారంటే యాప్ దాన్ని మళ్ళీ చూపించలేదు, యూజరే సెట్టింగ్స్‌లోకి వెళ్ళి మార్చుకోవాలి. ఆండ్రాయిడ్‌లో 2022లో వచ్చిన 13వ వెర్షన్ నుంచి నోటిఫికేషన్లకీ అనుమతి అడగాలి. 11వ వెర్షన్ నుంచి ఒక పర్మిషన్‌ని రెండుసార్లు నిరాకరిస్తే సిస్టమ్ ఆ డైలాగ్‌ని ఇక చూపించదు. అందుకే యాప్ తెరవగానే అడిగి ఆ అవకాశాన్ని పారేసుకోవద్దు. మన ఫ్లోలో సరైన చోటు క్యూలో చేరిన వెంటనే: "పుస్తకం రాగానే చెప్పమంటారా?" అని ముందు మన మాటల్లో అడిగి, అవునంటేనే సిస్టమ్ డైలాగ్ తెప్పించాలి. వద్దన్నవాళ్ళకి కబురు ఈమెయిల్‌లో వెళ్తుందా, యాప్‌లో గుర్తు కనిపిస్తుందా అన్నది కూడా కొమ్మే.

లాగిన్, ఓటీపీ. లాగిన్‌ని ఎంత వెనక్కి నెట్టగలిగితే అంత మంచిది. వెతకడానికి, పుస్తకం వివరాలు చూడటానికి అది అక్కర్లేదు. ఖాతాతో పనిలేని యాప్‌ని లాగిన్ లేకుండానే వాడుకోనివ్వాలని యాపిల్ యాప్ స్టోర్ నియమాలు కూడా చెబుతున్నాయి. ఓటీపీ ఉంటే ఇంకో సంగతి చూసుకోండి. కోడ్ కోసం మెసేజ్‌ల యాప్‌కి వెళ్ళినప్పుడు, మెమరీ తక్కువున్న ఫోన్‌లో మన యాప్‌ని సిస్టమ్ మూసేయొచ్చు. తిరిగొచ్చాక మొదటి స్క్రీన్ కనిపిస్తే ఆ మనిషి కోడ్‌ని ఎక్కడ కొట్టాలి? "బయటికెళ్ళి తిరిగొచ్చారు" అన్న కొమ్మ ఓటీపీ స్క్రీన్‌కి తప్పనిసరి. కోడ్ రాలేదు, తప్పు కోడ్, గడువు దాటిన కోడ్, నంబర్ మార్చాలి, ఈ నాలుగూ దాని కింద వేలాడతాయి.

వెనక్కి. ఆండ్రాయిడ్‌లో సిస్టమ్ బ్యాక్ ఎప్పుడూ ఉంటుంది. ఐఫోన్‌లో అలాంటి సిస్టమ్ బటన్ లేదు, యాప్ పెట్టిన బాణమో ఎడమ అంచు నుంచి జరపడమో దిక్కు. ఖాయం అయిన స్క్రీన్ మీద వెనక్కి వెళ్తే మళ్ళీ ఖాయం చేసే ఫారమ్ తెరుచుకోకూడదు. ప్రతి స్క్రీన్‌కీ "వెనక్కి వెళ్తే ఎక్కడికి?" అని ఒక వరస రాసిపెట్టండి, బాణాలతో గీస్తే బొమ్మ సాలెగూడైపోతుంది.

ఖాళీ. కొత్త సభ్యుడి "నా రిజర్వేషన్లు" పేజీలో ఏమీ ఉండదు. సెర్చ్‌లో ఏమీ దొరకకపోవచ్చు. అక్షరం తప్పు కొట్టారా, పుస్తకమే లేదా అన్నవి రెండు వేర్వేరు ఖాళీలు, రెండింటి నుంచీ ముందుకెళ్ళే దారులు కూడా వేర్వేరు.

అందరికీ అందడం. చివర్లో రంగులు సరిచూసుకునే పనిగా దీన్ని భావించేవాళ్ళున్నారు గానీ, ఫ్లోనే మార్చే నియమాలు ఇందులో ఉన్నాయి. 2023 అక్టోబరులో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 (వైకల్యం ఉన్నవాళ్ళకీ వెబ్ కంటెంట్ అందేలా చూసే మార్గదర్శకాలు) ప్రకారం, ఒకే పనిలో ఒకసారి ఇచ్చిన సమాచారాన్ని మళ్ళీ కొట్టించకూడదు, యాప్ తనే నింపాలి లేదా ఎంచుకోనివ్వాలి. లాగిన్‌లో జ్ఞాపకశక్తికి పరీక్ష పెట్టకూడదు, కనీసం పాస్‌వర్డ్ మేనేజర్‌నీ పేస్ట్‌నీ అడ్డుకోకూడదు. ఇందులో మొదటిది మీ రెండో మెట్టులోని ఫారమ్‌ని తగ్గిస్తుంది, రెండోది లాగిన్ డబ్బాని మారుస్తుంది.

7. తగ్గించడం, ఎక్కడ తగ్గించకూడదో తెలుసుకోవడం

"మూడు క్లిక్కుల్లో పని అయిపోవాలి" అన్న మాట మీకు ఎవరో ఒకరు చెబుతారు. దానికి ఆధారం లేదు. ప్రతి మెట్టులోనూ తర్వాత ఏం వస్తుందో తెలుస్తుంటే జనం అయిదారు మెట్లు కూడా హాయిగా ఎక్కుతారు, తెలియకపోతే రెండో దాని దగ్గరే ఆగిపోతారు. కాబట్టి మెట్ల సంఖ్య తగ్గించడం కంటే ప్రతి స్క్రీన్‌నీ ఒకటే అడగండి: ఇక్కడ యూజర్ నిర్ణయించేది ఏమైనా ఉందా? లేకపోతే తీసేయండి. సిస్టమ్‌కి తెలిసిన జవాబు యూజర్‌ని అడుగుతున్నామా? తీసేయండి. ఇద్దరు ముగ్గురికే పనికొచ్చే ఎంపిక అందరి దారికీ అడ్డంగా ఉందా? పక్కకి జరపండి.

రద్దు లాంటి చోట్ల మాత్రం ఒక మెట్టు ఎక్కువే ఉండాలి. క్యూలో మూడో స్థానం పొరపాటున వేలు తగిలి పోతే మళ్ళీ చివరికే. అయితే "ఖచ్చితంగా రద్దు చేయాలా?" అన్న డైలాగ్ కంటే, రద్దు చేశాక కొన్ని సెకన్లపాటు "వద్దు, తిరిగి చేర్చండి" అన్న అవకాశం ఇవ్వడం నాకు మెరుగనిపిస్తుంది. డైలాగులు చదవకుండా నొక్కడం జనానికి అలవాటైపోయింది.

వెళ్ళిపోయే దారిని కావాలని కష్టం చేయమని అడిగితే, అది ఎవరు అడిగినా, రాతపూర్వకంగా కారణం అడగండి. ఖాతా తెరిచే వీలున్న యాప్‌లో ఖాతా తొలగించే వీలు కూడా ఉండాలని యాపిల్ 2022 జూన్ 30 నుంచి అమలు చేస్తోంది, గూగుల్ ప్లేలోనూ అలాంటి నిబంధన ఉంది. ఇంటర్న్ మాటకి బరువు లేకపోయినా స్టోర్ నియమానికి ఉంటుంది.

8. అయిదుగురి ముందు పెట్టండి

బూడిద రంగు డబ్బాలతో క్లిక్ చేయగలిగే ప్రోటోటైప్ (నమూనా) చాలు. కాగితం ముక్కలైనా చాలు. అయిదుగురితో పరీక్షిస్తే ఎక్కువ సమస్యలు బయటపడతాయని నీల్సన్ 2000లో రాసిన వ్యాసం ప్రసిద్ధం. అయితే అందులో అసలు సలహా ఒకేసారి పెద్ద పరీక్ష పెట్టకుండా, చిన్న పరీక్ష పెట్టి, సరిదిద్ది, మళ్ళీ పెట్టమని. మొదటి సగం గుర్తుంచుకుని రెండో సగం మరిచిపోతుంటారు. మీ పక్క డెస్క్ డిజైనర్‌ని ఆ అయిదుగురిలో లెక్కపెట్టకండి.

పని ఎలా అప్పగిస్తారన్నదే ముఖ్యం. "క్యూలో చేరండి" అని బటన్ మీద ఉన్న మాటనే వాడితే వాళ్ళు ఆ మాట కోసం వెతుకుతారు. "మీ స్నేహితురాలు ఈ పుస్తకం చదవమన్నారు. మీ చేతికి వచ్చేలా చూసుకోండి" అనండి, తర్వాత నోరు మెదపకండి. ఇరుక్కుపోతే సాయం చేయాలని నాలుక దురద పెడుతుంది. "ఇప్పుడు ఏం జరుగుతుందనుకుంటున్నారు?" అని మాత్రం అడగొచ్చు. నచ్చిందా అని అడగకండి, మర్యాదకి అందరూ నచ్చిందనే అంటారు. ఎక్కడ ఆగారు, ఎక్కడ వెనక్కి వెళ్ళారు, పని అయిపోయిందని ఎక్కడ అనుకున్నారు, ఈ మూడూ రాసుకోండి. చివరిది చాలా విలువైనది: ఖాయం కాకముందే అయిపోయిందనుకుని యాప్ మూసేసేవాళ్ళు కనిపిస్తే ఫ్లోలో పెద్ద లోపం దొరికినట్టే.

9. రివ్యూ, అప్పగింత

రివ్యూకి రెండుసార్లు వెళ్ళండి. మాటల్లో రాసిన దశలో మెంటార్‌తో ఒకసారి, కొమ్మలన్నీ గీశాక డెవలపర్, టెస్టర్ ఉన్నచోట ఇంకోసారి. టెస్టర్‌ని పిలవడం చాలామందికి తట్టదు. చెడగొట్టి చూడటమే వాళ్ళ వృత్తి కాబట్టి, మీకు తోచని కొమ్మలు వాళ్ళకి ఇట్టే తోస్తాయి. రివ్యూలో స్క్రీన్లు చూపిస్తూ పోకుండా ఒక మనిషి కథగా నడిపించండి. ఏదైనా నిర్ణయం మారితే తేదీ, కారణం, ఎవరు చెప్పారో ఫైల్‌లోనే ఒక పక్కన రాయండి. నెల తర్వాత "ఇది ఎందుకిలా ఉంది?" అని అడిగేది ఆ నిర్ణయం చెప్పినవాళ్ళే కావడం కొత్తేమీ కాదు.

అప్పగించేటప్పుడు బొమ్మతో పాటు ఒక పట్టిక ఇవ్వండి. ప్రతి స్క్రీన్ నంబర్‌కీ ఒక వరస: మామూలు స్థితి, లోడింగ్, ఖాళీ, ఎర్రర్, వెనక్కి వెళ్తే చేరే చోటు, చూపించే మాటల పూర్తి పాఠం. అనలిటిక్స్ కోసం ఏ అడుగుని కొలవాలో కూడా అదే పట్టికలో చేరిస్తే, ఫీచర్ విడుదలయ్యాక జనం ఎక్కడ ఆగిపోతున్నారో తెలుస్తుంది. వరసలో ఏ గడి ఖాళీగా ఉందో చూస్తే మీరు మరిచిపోయిన కొమ్మ అదే. ఆ గడిని ఖాళీగా వదలకుండా "వర్తించదు" అనో "ఇంకా తేలలేదు" అనో రాయండి.

ఈ పనిని పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవాలనుకుంటే కంపెనీ అనుమతి ముందే అడగండి. చేరేటప్పుడు గోప్యత ఒప్పందం మీద సంతకం చేసి ఉంటారు, వెళ్ళిపోయాక అడగడం కష్టం. మొదటి డ్రాఫ్ట్, టెస్ట్ తర్వాతి డ్రాఫ్ట్ రెండూ దాచుకోండి. ఇంటర్వ్యూల్లో చివరి బొమ్మ కంటే ఆ రెంటి మధ్య తేడా గురించే ఎక్కువ అడుగుతారు.

10. బిల్డ్ వచ్చాక

డెవలపర్ టెస్ట్ బిల్డ్ (పరీక్షించడానికి తయారుచేసిన యాప్) ఇవ్వగానే మీ ఫ్లోని పక్కన పెట్టుకుని నిజమైన ఫోన్‌లో ఒక్కో బాణం వెంట నడవండి. ఖాయం బటన్ నొక్కిన వెంటనే ఫ్లైట్ మోడ్ వేయండి. ఓటీపీ స్క్రీన్ నుంచి బయటికెళ్ళి కెమెరా, మ్యాప్, వీడియో లాంటి బరువైన యాప్‌లు తెరిచి తిరిగి రండి. నోటిఫికేషన్లు వద్దని చెప్పి క్యూలో చేరండి. అక్షరాల సైజు పూర్తిగా పెంచి చూడండి, బటన్ స్క్రీన్ కిందికి జారిపోయి కనిపించకపోతే ఆ ఫ్లో అక్కడితో ఆగినట్టే. ఖాయం బటన్‌ని రెండుసార్లు టకటకా నొక్కండి. ఫ్లోకీ బిల్డ్‌కీ తేడా కనిపించిన ప్రతిచోటా స్క్రీన్ నంబర్‌తో టికెట్ (సరిచేయమని టీమ్ జాబితాలో నమోదు) వేయండి. డెవలపర్ చేసిందే మెరుగ్గా ఉన్నచోట టికెట్ అక్కర్లేదు, మీ ఫ్లో ఫైల్‌నే మార్చి, పక్కన తేదీ వేయండి.